విధికుడి పని

అందరికీ నమస్కారమండి. వెనక నిలబడ్డవాళ్ళు కాస్త ముందుకి రండి, ఇక్కడ చాపలేశారు, పిల్లలు కింద కూర్చుంటే పెద్దవాళ్ళకి కుర్చీలు సరిపోతాయి. చివర్లో ఉన్నవాళ్ళకి మైకు వినపడుతోందామ్మా? సరే అయితే.

లైబ్రరీ వాళ్ళు ఫోన్ చేసి "మాస్టారూ, నాగార్జునకొండ గురించి ఓ గంట మాట్లాడండి" అన్నారు. కొండ మొత్తం గంటలో చెప్పడం నావల్ల అయ్యే పని కాదు, అందుకని నేను ఒక్క వాక్యం గురించి చెప్దామని వచ్చాను. చిన్న వాక్యం, మూడే మాటలు. "సేలవఢాకిస విధికస కమ్మం". ప్రాకృతం అది. సేల అంటే శైలం, రాయి. వఢాకి అంటే సంస్కృతంలో వర్ధకి, మనం ఇవాళ వడ్రంగి అంటున్నామే ఆ మాటకి అదే మూలం. కమ్మం అంటే కర్మ, పని. రాతి వడ్రంగి విధికుడి పని. అంతే. చివర్లో ఇంకో చిన్న అక్షరం ఉంటుంది, "తి" అని, మనం మాట చివర "అని" అంటాం చూడండి, అదే. విధికుడి పని, అని.

ఇది ఎక్కడ ఉందంటే, నాగార్జునకొండ లోయలో మహాచైత్యానికి, అంటే అక్కడి పెద్ద స్తూపానికి, తూర్పున నహరాళ్ళబోడు అని ఒక గుట్ట ఉండేది, దానిమీద గజపృష్ఠాకారం గుడి, అంటే వెనకభాగం ఏనుగు వీపులా గుండ్రంగా ఉండే చైత్యగృహం, దాని నేల బండల మీద చెక్కారు. గోడ మీద కాదు, నేలమీద. 1700 ఏళ్ళ కిందట ఇక్కడ ఏలిన ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి 14వ ఏట. కట్టించింది రాజు కాదు, రాణీ కాదు, బోధిసిరి అనే ఒక ఉపాసిక, అంటే సంసారంలో ఉంటూనే బౌద్ధం పాటించే ఇల్లాలు. సింహళం నుంచి వచ్చిన థేరుల కోసం, అంటే పెద్ద భిక్షువుల కోసం కట్టించింది. ఆ థేరులు ఎక్కడెక్కడ ధర్మం చెప్పారో కూడా రాయించింది, కాశ్మీరం, గాంధారం, చీనా, తోసలి, వంగ, వనవాసి, యవన, దమిళ, పలూర, తంబపణ్ణి దీవి అంటూ వరసగా. మన పల్నాడులో కూర్చుని ఒక ఆడమనిషి చీనా దేశం పేరు రాతి మీద రాయించిందంటే ఆ రోజుల్లో కృష్ణ ఒడ్డున ఎంత లోకజ్ఞానం ఉండేదో ఆలోచించండి. తర్వాత తన భర్త, తల్లిదండ్రులు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు, చుట్టాలు అందర్నీ తలుచుకుంది, పుణ్యం వాళ్ళకి కూడా చెందాలని. ఆ తర్వాత తను ఇంకా ఎక్కడెక్కడ ఏమేం కట్టించిందో చెప్పింది, కంటకసేలలో అంటే మన ఘంటసాలలో మహాచైత్యం దగ్గర మండపం, ఇంకోచోట చెరువు, ఇలా. ఆ తర్వాత ఈ కట్టుబడి పని దగ్గరుండి చూసుకున్న ముగ్గురు థేరుల పేర్లు, చందముఖుడు, ధమ్మనంది, నాగుడు. అన్నీ అయ్యాక, అందరి తర్వాత, సేలవఢాకిస విధికస కమ్మం తి.

నేను మొదటిసారి ఇది చదివినప్పుడు పైనున్నదంతా నోట్స్ రాసుకుని ఈ చివరి మాట దగ్గర పెన్ను పక్కన పెట్టేశానండి. ఎందుకంటే మనకి గుడి చూస్తే ఫలానా రాజు కట్టించాడు అని తెలుస్తుంది, విగ్రహం చూస్తే ఫలానా శతాబ్దం అని బోర్డు ఉంటుంది, చెక్కినవాడి పేరు మాత్రం ఎక్కడా ఉండదు, వెయ్యి రాళ్ళకి ఒకటో రెండో తప్ప. ఇక్కడ ఉంది. పెట్టించిన ఆవిడ గొప్పతనమో, ఆ థేరుల మంచితనమో, విధికుడు పట్టుబట్టి అడిగాడో మనకి తెలీదు కానీ పేరు నిలిచింది.

ఇది మన చేతికి ఎలా వచ్చిందో కూడా చెప్పాలి, ఎందుకంటే అక్కడా ఇలాంటి మనుషులే ఉన్నారు. 1926లో సూరపరాజు వెంకటరామయ్య గారని ఒక బడిపంతులు, ఆ లోయలో పాత స్తంభం ఒకటి చూసి మద్రాసు ప్రభుత్వానికి తెలియజేశారు. అప్పటికి ఆ లోయకి సరైన దారి లేదు, చుట్టూ నల్లమల కొండలు, ఒకవైపు కృష్ణ. మద్రాసు శాసన విభాగంలో తెలుగు అసిస్టెంటుగా ఉన్న సరస్వతి గారు వచ్చి చూశారు. ఆ తర్వాతే పురావస్తు శాఖ నుంచి కురేషీ గారు, 1927 నుంచి లాంగ్‌హర్స్ట్ దొర తవ్వకాలు. శాసనాలు చదివి అచ్చేయించింది డచ్చి పండితుడు వోగెల్. పుస్తకాల్లో లాంగ్‌హర్స్ట్ పేరు పెద్దగా ఉంటుంది, వోగెల్ పేరు పెద్దగా ఉంటుంది, వాళ్ళు పనిచేశారు కాబట్టి ఉండాల్సిందే. కానీ పిల్లలూ, మీరు వెంకటరామయ్య గారి పేరు కూడా గుర్తు పెట్టుకోండి. చుట్టుపక్కల రాయి కనపడితే ఇదేంటి అని ఆగి చూసిన పంతులాయన.

లాంగ్‌హర్స్ట్ మహాచైత్యాన్ని తవ్వితే లోపల బండిచక్రం ఆకారంలో ఇటుక గోడలు బయటపడ్డాయి, మధ్యలో కుంభం అంటే చక్రం బొడ్డు, దాన్నుంచి చక్రానికుండే ఆకుల్లా గోడలు, అంచున వలయం, 106 అడుగుల వ్యాసం. మధ్యలో మట్టి పోశారు. అంటే అంత గుమ్మటం బరువుని ఇటుకతో నింపకుండా చక్రంతో మోయించారన్నమాట, ఇటుక ఆదా, బలానికి బలం. ఒక్కో ఇటుక 20 అంగుళాల పొడవు, 10 వెడల్పు, 3 మందం. ఆ చైత్యం లోపలి గదుల్లో ఒకదాంట్లో స్తూపం ఆకారంలో చిన్న వెండి భరిణె, అందులో ముప్పావు అంగుళం బంగారు భరిణె, అందులో బఠానీ గింజంత ఎముక ముక్క దొరికింది. ఎముక ఎవరిదన్నది అందరూ మాట్లాడతారు. ఆ ముప్పావు అంగుళం బంగారాన్ని మూతతో సహా చేసిన కంసాలి గురించి ఎవరో ఒకరు మాట్లాడాలి కదండీ, ఆయన పేరు లేదు, అందుకే నాకు విధికుడి పేరు అంత విలువగా అనిపిస్తుంది.

ఇప్పుడు రాయి సంగతి. పల్నాడు సున్నపురాయి అంటారు, ఇంగ్లీషు దొరలు మొదట్లో దీన్ని చూసి మార్బుల్ అనుకున్నారు, అమరావతి మార్బుల్స్ అని ఇప్పటికీ పేరు ఉండిపోయింది, కానీ అది చలువరాయి కాదు. మీ ఇళ్ళల్లో కాళ్ళ కింద పరిచిన మాచర్ల బండ ఉంది చూడండి, దాని చుట్టమే. లేత ఆకుపచ్చ కలిసిన తెలుపు. గ్రానైట్ లాగా ఉలిని ఎదిరించదు, సన్నటి పని ఒప్పుకుంటుంది, గోటితో గీసినంత సన్నగా నగల పూసలు చెక్కుకోవచ్చు. అదే గుణం దానికి శత్రువు కూడా అయింది, ఎందుకంటే సున్నపురాయిని బట్టీలో కాలిస్తే సున్నం వస్తుంది, అమరావతి శిల్పాలు కొన్ని అలాగే సున్నమైపోయి ఎవరింటి గోడలకో అంటుకున్నాయి.

ఈ రాయిలో ఏం చేశారో ఒక్కటి చెప్తా. మద్రాసు ఎగ్మూరు మ్యూజియంలో అమరావతి గుండ్రటి పలక ఒకటి ఉంది, నలగిరి ఏనుగు కథ. చెన్నై వెళ్తే తప్పకుండా చూడండి. ఎడమవైపు ఏనుగు మదమెక్కి వీధిలో పడింది, తొండంతో ఒక మనిషిని పట్టుకుంది, జనం పరుగులు, భయంతో పక్కవాళ్ళని పట్టుకున్న ఆడవాళ్ళు, పైన మేడ కిటికీల్లోంచి తొంగి చూసేవాళ్ళు. అదే పలకలో కుడివైపు అదే ఏనుగు బుద్ధుడి ముందు మోకాళ్ళ మీద వంగింది. మధ్యలో గీత లేదు, గడి లేదు. ఒకే ఏనుగు రెండుసార్లు, ముందు జరిగింది తర్వాత జరిగింది రెండూ ఒకే గుండ్రంలో. నేను దాని ముందు గంటసేపు నిలబడితే నాకు తెలిసిందేంటంటే, కన్ను మొదట ఏనుగు మీద పడదు, బెదిరిపోయిన జనం మీద పడుతుంది, వాళ్ళ ఒళ్ళు ఎటు ఒంగిందో అటు మన చూపు జారుతుంది. ఆ చెక్కినాయన ఎప్పుడో ఒకసారి వీధిలో బెదిరిన జనాన్ని కళ్ళారా చూసి ఉంటాడని నా నమ్మకం.

ఇంకో పలక లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉంది, రెండువైపులా చెక్కుడే. ఒకవైపు క్రీస్తుపూర్వం 1వ శతాబ్దం పని, బోధిచెట్టు, దాని కింద ఖాళీ ఆసనం, చుట్టూ మొక్కుతున్న జనం, బుద్ధుడు మనిషి రూపంలో లేడు. కొన్ని వందల ఏళ్ళ తర్వాత స్తూపాన్ని మళ్ళీ బాగుచేసుకునేటప్పుడు అదే పలకని తిప్పి వెనకవైపు మొత్తం స్తూపం బొమ్మ చెక్కారు, కంచె, ద్వారం దగ్గర సింహాలు, స్తూపానికి ఒక్కో దిక్కున నిలబెట్టే అయిదు ఆయక స్తంభాలు, అన్నీ. ఇవాళ అమరావతిలో స్తూపం గుమ్మటం లేదు కదా, అది ఎలా ఉండేదో మనకి తెలుస్తోందంటే ఇలాంటి పలకల మీద ఆ శిల్పులు వేసిన బొమ్మల వల్లే. పాతది పగలగొట్టకుండా తిప్పి వాడుకున్న ఆ చేతికి దణ్ణం పెట్టాలి, రెండు తరాల పని ఒక రాతిలో మిగిలింది.

పేర్లు దొరికిన ఇంకో చోటు జగ్గయ్యపేట. అక్కడి స్తూపాన్ని పురావస్తు శాఖ దొర బర్జెస్ 1882లో తవ్వించాడు. మాంధాత చక్రవర్తి పలక అక్కడిదే, రాజు చెయ్యి పైకెత్తితే మేఘాల్లోంచి చదరపు నాణేలు వానలా కురుస్తుంటాయి. దాన్ని చాలామంది ఫోటోల్లో చూసుంటారు. నాకు దానికంటే ఇష్టమైనవి తూర్పు ద్వారం దగ్గరి స్తంభాలు. అవీ వీరపురుషదత్తుడి కాలమే, 20వ ఏడు. మహాకాడురూరు అనే ఊరివాడు, ఆవేసని సిద్ధార్థుడు, అయిదు ఆయక స్తంభాలు నిలబెట్టించాడు. ఆవేసని అంటే పనివాళ్ళ పెద్ద, మేస్త్రి అనుకోండి. వాళ్ళ నాన్న నాకచందుడు కూడా ఆవేసనే. అంటే వంశపారంపర్యం పని. దానం పెట్టేటప్పుడు ఎవరెవర్ని కలుపుకున్నాడో చూడండి. ముందుగా వాళ్ళమ్మ, పేరు నాగిలని, ఆవిణ్ణి ముందుంచుకుని అని రాశాడు, మన ఇళ్ళల్లో పెద్దావిణ్ణి ముందుంచి కొబ్బరికాయ కొట్టిస్తాం కదా అలాగ. భార్య సముదని. కొడుకు మూలసిరి. కూతురు నాకబుధనిక. తమ్ముడో అన్నో, బుధినకుడు. ఆ పిల్లల్ని బాలకం, బాలికం అని రాశాడు, అంటే చిన్నపిల్లలే. ఆ రోజున స్తంభాలు నిలబెడుతుంటే ఆ పిల్లలిద్దరూ అక్కడే రాళ్ళ మధ్య ఆడుకుంటూ ఉండుంటారు. ఎంత మంది మహారాజుల పెళ్ళాం బిడ్డల పేర్లు పోయాయి, ఒక రాతిపని మేస్త్రి కూతురు పేరు మనం 1700 ఏళ్ళ తర్వాత ఈ లైబ్రరీలో కూర్చుని పలుకుతున్నాం. నాకబుధనిక. ఏదీ ఒకసారి అందరూ అనండి.

(సభలో పిల్లలు: నాకబుధనిక)

సంతోషం.

ఆవేసని అన్న మాట సాంచీలో కూడా ఉంది, దక్షిణ తోరణం మీద, సిరి సాతకణి రాజు గారి ఆవేసని, వాసిఠీపుత్రుడు ఆనందుడి దానం అని. ఇక అమరావతిలో అయితే దాతల పేర్లు బోలెడు, సుగంధ ద్రవ్యాలు అమ్మేవాళ్ళు, భిక్షుణులు, గృహపతులు, ఒక చమ్మకారుడు అంటే తోలుపని ఆయన కూడా. ఆయన పూర్ణఘటం పలక ఇచ్చాడు, తల్లినీ భార్యనీ తోబుట్టువుల్నీ పిల్లల్నీ కలుపుకుని. ఆయన పేరు కూడా విధికుడే! వేరే మనిషి, వేరే పని, కాలం వేరు, పేరు మాత్రం ఒకటే. తోలుపని చేసినాయన ఇచ్చిన పలక మహాచైత్యంలో అందరి పలకలతో పాటు నిలబడింది. ఈ మాట మన ఊళ్ళల్లో గట్టిగా చెప్పాల్సిన మాటని నేను అనుకుంటా.

అమరావతి కథ మీకు కొంత తెలిసే ఉంటుంది, అందుకే గబగబా చెప్పేస్తా. వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు గారు రాజధాని అక్కడికి మార్చి ఊరు కట్టిస్తూ దీపాలదిన్నె అని పిలిచే ఆ స్తూపం దిబ్బ తవ్విస్తే రాళ్ళు బయటపడ్డాయి, 1797 ప్రాంతంలో సర్వే అధికారి కాలిన్ మెకంజీ వచ్చి చూశాడు, మళ్ళీ 1816లో చిత్రకారుల్ని వెంటేసుకుని వచ్చి బొమ్మలు గీయించాడు. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించి మద్రాసు పంపిస్తే అవి ఏళ్ళతరబడి ఎండకీ వానకీ ఆరుబయట పడున్నాయి, 1859లో ఓడెక్కాయి, లండన్‌లో మళ్ళీ కొన్నాళ్ళు ఒక బళ్ళషెడ్డులో పడున్నాయి, 1880లో బ్రిటిష్ మ్యూజియం చేరాయి. ఇదంతా తలుచుకుంటే కడుపు తరుక్కుపోతుంది. కానీ మెకంజీ బొమ్మల దగ్గర ఒక్క క్షణం ఆగాలి. ఆ చిత్రకారులు శిల్పం గీస్తూ దానిమీది బ్రాహ్మీ అక్షరాలు, అంటే ఆ కాలపు లిపి, కూడా గీశారు. అప్పటికి ఆ అక్షరాలు చదవగలిగినవాడు భూమ్మీద ఒక్కడు లేడు, ప్రిన్సెప్ బ్రాహ్మీని ఛేదించింది 1837లో. అంటే అర్థం తెలీకుండా, ఇది గీత, ఇది వంపు, ఇది చుక్క అని చూసి చూసి వేశారు. తర్వాత అసలు రాయి పోయినచోట కూడా ఆ బొమ్మ మిగిలింది. మెకంజీ కింద మన ఏలూరు అన్నదమ్ములు పనిచేశారు, కావలి వెంకట బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి. బొర్రయ్య పాత శాసనాల లిపి చదవడంలో దిట్ట, 1803లో చిన్నవయసులోనే పోయాడు. అమరావతి శాసనాల్లోనే "నాగబు" అన్న మాటని పట్టుకుని ఇది తెలుగు మాట అని చూపించినవారు వేటూరి ప్రభాకరశాస్త్రి గారు. ఒక్క పదం కోసం ఎన్ని రాళ్ళ ముందు వంగి కూర్చుని ఉంటారో.

ఇక నకలు తీయడం గురించి, అంటే రాతిమీది అక్షరాల్ని కాగితం మీదకి అచ్చు తీయడం గురించి చెప్తాను. నాకు ఇది నేర్పినాయన పెద్ద చదువులు చదవలేదండి, జీవితమంతా శాసనాల అచ్చులు తీస్తూ ముసలైపోయిన మనిషి. మొదటిరోజు నేను ఉత్సాహంగా బ్రష్షుతో దబదబా బాదితే కాగితం చిరిగింది. ఆయన నా చెయ్యి పట్టుకుని "కొట్టకయ్యా, జోకొట్టు" అన్నారు. ఆ ఒక్క మాటే మొత్తం విద్య. ముందు రాయిని నీళ్ళతో కడగాలి, గుంటల్లో మట్టి, నాచు ఉంటే మెత్తటి బ్రష్షుతోనే తీయాలి, మేకులూ చాకులూ పెట్టకూడదు. తడిపిన కాగితం రాతిమీద పరిచి మధ్యలోంచి అంచులకి గాలి వెళ్ళగొట్టాలి. తర్వాత వెంట్రుకల బ్రష్షుతో జోకొడుతూ ఉంటే కాగితం నెమ్మదిగా అక్షరాల్లోకి దిగుతుంది. కాస్త ఆరనివ్వాలి, మరీ తడిగా ఉంటే మసి పాకిపోతుంది, మరీ ఆరితే కాగితం లేచిపోతుంది, ఆ మధ్య సందు కొద్ది నిమిషాలే. అప్పుడు గుడ్డ మూటకి మసి అంటించి పైపైన అద్దుతూ పోతే రాయి నల్లగా వస్తుంది, అక్షరం గుంటలో ఉంది కాబట్టి మసి అంటదు, తెల్లగా లేస్తుంది. చీకట్లోంచి అక్షరం ఒక్కోటీ లేచి రావడం చూస్తుంటే ఒళ్ళు పులకరిస్తుందండి. ఇక్ష్వాకుల అక్షరాలు మరీను, నిలువు గీతల్ని కిందకి తోకల్లా సాగదీస్తారు, గుడుల్ని తీగల్లా వంకర తిప్పుతారు, చదవడానికే కాదు చూడ్డానికి కూడా చెక్కారు.

తర్వాత డ్యాం వచ్చింది. 1955 డిసెంబర్ 10న నెహ్రూ గారు నాగార్జునసాగర్‌కి పునాదిరాయి వేశారు. లోయ మునిగిపోతుందని తెలుసు, అందుకని 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం గారి ఆధ్వర్యంలో లోయంతా తవ్వారు. పాత రాతియుగం పనిముట్ల నుంచి 16వ శతాబ్దం దాకా అన్నీ బయటపడ్డాయి, స్నానఘట్టం, మెట్ల ప్రేక్షకశాల, విహారాలు, గుళ్ళు. తమలపాకుల వాళ్ళ శ్రేణి అంటే సంఘం, పిండివంటలు చేసే పూవికుల శ్రేణి ఉండేవని శాసనాల్లో తెలిసిందీ ఈ లోయలోనే. 9 కట్టడాల్ని ఊడదీసి పైకి తెచ్చి మళ్ళీ కట్టారు, కొన్నింటికి నమూనాలు కట్టారు, 1966లో, నీళ్ళ మధ్య దీవిగా మిగిలిన కొండ మీద మ్యూజియం తెరిచారు. మిగిలింది నీళ్ళ కింద ఉంది. మన పొలాలకి నీళ్ళొచ్చాయి, మా ఇంట్లో అన్నం ఆ నీళ్ళదే, అది నేను మర్చిపోను. అలాగే లాంచీ ఎక్కినప్పుడల్లా నా కింద ఇక్ష్వాకుల రాజధాని విజయపురి వీధులున్నాయన్నది కూడా మర్చిపోలేను. ఆ ఆరేళ్ళు ఎండలో గంపలు మోసినవాళ్ళు, చేత్తో మట్టి తీసి పెంకు ముక్క కూడా విరక్కుండా బయటికి తెచ్చినవాళ్ళు, రాళ్ళని కొండ మీదకి చేర్చినవాళ్ళు, వాళ్ళల్లో చాలామంది ఈ చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళే అయి ఉంటారు. మీ తాతగారో నాయనమ్మగారో అక్కడ కూలికి వెళ్ళామని చెప్తుంటే దయచేసి కూర్చోబెట్టి అడగండి, ఫోన్లో రికార్డు చెయ్యండి, ఏ చోట తవ్వారు, రోజుకి ఎంత ఇచ్చారు, ఏం దొరికింది. నాకు తెచ్చి ఇస్తే నేను రాసిపెడతాను.

టైం అయిపోతోంది. ఆ బల్ల మీద గుడ్డ తీయండి నాన్నా, జాగ్రత్త, బరువుగా ఉంటుంది. ఇది మన పల్నాడు రాయే. దుర్గిలో శిల్పాలు చెక్కే ఒకాయన దగ్గరికి వెళ్ళి అచ్చు ప్రతి ఫోటో చూపించి ఈ మూడు మాటలు చెక్కిపెట్టమని అడిగాను. ఆయనకి బ్రాహ్మీ రాదు. రెండు రోజులు పట్టింది. నిలువు గీతలు ఇట్టే వచ్చేశాయట, గుండ్రం తిరిగే చోటే, ఇదిగో ఈ "ధ" దగ్గర, "వ" దగ్గర, ఉలి నిలవక పెచ్చు లేస్తుందని భయపడుతూ సన్న ఉలితో కొంచెం కొంచెం తోడానన్నాడు. అంతా అయ్యాక ఇంతకీ ఏం రాయించారు మాస్టారూ అని అడిగితే అర్థం చెప్పాను. కాసేపు రాతినే చూస్తూ కూర్చుని, ఆ "క" మీద వేలు పెట్టి, "ఇక్కడ ఆయన కూడా ఆగి ఊపిరి తీసుకునుంటాడండి" అన్నాడు. డబ్బులు తీసుకోనంటే బలవంతంగా జేబులో పెట్టొచ్చాను.

కాగితాలు తడిపి ఉంచారు, మసి కూడా సిద్ధంగా ఉంది. ముందు ఆ చివర కూర్చున్న పాప రామ్మా, నువ్వే, సిగ్గుపడకు. బ్రష్షు పట్టుకో. ఇదిగో ఇక్కణ్ణించి మొదలుపెట్టు, ఇది "సే". కొట్టకూడదు, జోకొట్టాలి.